నలభై ఏడు

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు, మిల్లుల వెనక గల్లీ.
ఊక నుసి పడని పూట ఉండదు ఇక్కడ.
నా టేబులు మీద సార్టెక్సు మిషను బోర్డు
రెండు రోజులుగ వెల్లకిల.

"తెల్ల బియ్యాన్నే నల్లయని ఊదేస్తాంది మేడమ్,
గదీ పగటీలైతేనే"
అనుకుంట తెచ్చిండు సైదులు.
సాక్ష్యానికి జేబుల నుంచి పిడికెడు తీసి
కాయితం మీద పోసి మరీ.
నిజమే, ఒక్క గింజకూ మచ్చ లేదు.

కెమెరా సరిగ్గనే చూసింది.
చూసింది దాచే కాడ తప్పిపోయింది.

మెమరీకి పోయే రాగి గీత మీద
స్కోపు ముల్లు ఆనిచ్చిన.
ఒకటి అని పంపిన అల
చివరిదాక పోయి, అందుకునేటోళ్ళు లేక
మర్లి వస్తున్నది,
వెనకొచ్చే సున్నా మొకాన తగులుతున్నది.

చివర కూసోవల్సిన రెసిస్టరు
నువ్వుగింజంత.
ఎండలకు పగిలి, ఉన్నట్టే ఉండి, లేదు.
పైనున్న అంకె మాడిపోయింది.

"అరవై ఎనిమిదుంది, పెడదామా?"
పర్వీను డబ్బా తెరిచింది.
పెట్టినం. అల తగ్గింది గని తలెత్తుడు మానలేదు.
ముప్పై మూడు పెట్టినం.
సప్పవడ్డది.
ఒకటో సున్నానో చెప్పరాని ఎత్తున
కాళ్ళీడ్సుకుంట పోయింది.
రెసిస్టరు మీద వేలు పెడితే చురుక్కుమంది.

అప్పుడు యాదికొచ్చిండు లష్కరు జానయ్య.
ఎడమ కాల్వ చివరి మేజరు మీద డ్యూటీ,
ఖాకీ అంగీ, గ్రీజు చేతులు.
బడి ఎగ్గొట్టి గట్టు మీదికి పోతే
తిట్టకుండ పని చెప్పేటోడు:
"తుమ్మపుల్లలు లెక్కవెట్టు బిడ్డా.
పోయేటివి గాదు, ఎదురొచ్చేటివి."

గేటు బిర్రుగ దించితే
నీళ్ళు గుద్దుకొని, గడ్డ లెక్క లేచి,
వచ్చిన తొవ్వనే వెనక్కి నడిచేటివి,
ఎగువన గట్టు కోసేటివి.
బార్లా లేపితే
కాల్వ కడుపు లోపలికి పోయి
నడిమి తూములు నోరు తెరిచేటివి.
మూడు చుట్లు తిప్పి, చెవి వెట్టి ఇని,
మళ్ళ అరచుట్టు వెనక్కి.
నా పుల్లల లెక్క సున్నా అయినంక
బీడీ ముట్టిచ్చేటోడు.

పుస్తకంల ఈ గీతకు యాభై అని ఉంది.
యాభై మా డబ్బాల లేదు.
నలభై ఏడుంది, యాభై ఒకటుంది.
దగ్గరిదని పర్వీను యాభై ఒకటి పట్టుకుంది.

బోర్డు మర్లేసి చూపిన.
గీత పొడుగునా నాలుగు చిప్పులు, నాలుగు తూములు,
ఒక్కొక్కటి ఇంతింత ఒంపుకుంటది.
ఉత్త కాల్వకు యాభై.
తూములున్న కాల్వకు అంత ఉండదు.

నలభై ఏడు అతికినం.
పగటీలి కావాలె గద,
జుట్టు ఆరబెట్టే మిషనుతోని
పర్వీను టేబులు మీదికి మే నెల తెచ్చింది.
అల పోయింది.
చివర తాకింది.
నేను పుల్లలు లెక్కవెట్టుకుంట కూసున్న.

సాయంత్రం సైదులు వచ్చి,
వంగి, కండ్లు చికిలిచ్చి చూసిండు.
"గీ పిసరంత దానికా? ఏం జేస్తది మేడమ్ ఇది?"
ఏం చెప్పాలె.
ఏం చెయ్యదు. వచ్చింది వచ్చినట్టు తీసుకొని
కొంచెం వెచ్చగైతది.
ఇన్ని యాదులు మోసే బోర్డు మీద
ఏదీ యాది పెట్టుకోనిది అదొక్కటే.

బోర్డును తువ్వాలల చుట్టుకొని పోయిండు,
రశీదు మర్చిపోయిండు, బియ్యం మర్చిపోయిండు.
రాత్రి షిఫ్టు మిల్లు మొదలైన చప్పుడు
గోడలకెల్లి వస్తున్నది.
పర్వీను కాయితం మడిచి
పిడికెడు బియ్యం తన టిఫినుల ఒంపుకుంది.
ఏరేటందుకు ఏం లేదు.