కంపెనీ గొంతు

మే నెల, పదకొండు గంటలు.
ఆటోనగర్ నూరడుగుల రోడ్డు మీద
గ్రీజుకి కూడా చెమట పడుతోంది.
ఎర్ర కారొకటి మా షెడ్డు ముందు ఆగింది,
తుప్పు పట్టిన లారీ చాసిస్‌ల మధ్య
పెళ్లికని బయల్దేరి దారి తప్పిన పట్టుచీరలా.

"ఏసోబు గారు లేరా?"
"నాన్న టీకి వెళ్లాడు. ట్యూనింగ్ అయితే నేనే చేస్తానండీ."
కౌస్తుభ గారు ఒకసారి నన్ను చూశారు,
ఒకసారి నా లాప్‌టాప్‌ని చూశారు.
నమ్మకం లాప్‌టాప్ మీదే కుదిరింది.

వస్త్రలతలో చీరల హోల్‌సేల్ ఆయనది.
బండి రెండేళ్ల కింద కొన్నారు, సెకండ్ హ్యాండ్.
"స్టాక్ అమ్మా, ఒక్క బోల్టు కదిలించలేదు,"
సంబంధం చెప్పే పెద్దమనిషి ధీమాతో అన్నారు.
ఇంకో నలభై గుర్రాలు కావాలట.

నలభై గుర్రాలు!
మనసులోనే వాటిని బెంజి సర్కిల్ దగ్గర వదిలాను.
సిగ్నల్ పడేదాకా ఆటోల పొగ మింగుతూ
డెక్కలతో తారు గీరుతూ నిలబడ్డాయి.
బందరు రోడ్డులో ఒకటి చెరుకురసం బండిని గుద్దింది.
మిగిలినవన్నీ బ్యారేజీ మీద
ఆర్టీసీ బస్సు వెనకాల
వరసగా, బుద్ధిగా,
కృష్ణలో నీళ్లున్నాయో లేవో చూసుకుంటూ నడిచాయి.

నలభై ఐదు వేలు వస్తాయి. నెలాఖరు.
షెడ్డు అద్దె పద్దెనిమిది.
అవసరమా అని అడగాల్సింది నేను కాదు.
అడిగాను.
"ఉన్నది ఎప్పుడైనా పూర్తిగా తొక్కారా?"
"కేసరపల్లి దాటాక, ఒకసారి. మూడో గేరులో."
"తర్వాత?"
"గేదె అడ్డొచ్చింది."

ఆవకాయలో కారం పెంచితే జాడీకి ఏమీ కాదండీ,
ఇంజన్లో పెంచితే ముందు పగిలేది జాడీయే, అన్నాను.
క్లచ్ సంగతి చెప్పాను, ఈ ఎండల సంగతి,
బంకుకో రకంగా ఉండే పెట్రోలు సంగతి.
ఆయన తలూపుతున్నారు,
బేరం తెగాక కూడా కొత్త డిజైన్లు విప్పే సేల్స్‌మన్‌ని
ఓపిగ్గా భరించే ఓనరులా.

అప్పుడొచ్చాడు నాన్న, గ్లాసు చేత్తోనే.
కుడిచెవి పోయింది, ఎడమది సగం.
ముప్పై ఏళ్లు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి
ఇంజన్ల గుండెలు విన్నవాడు,
ఇప్పుడు అరచేతితో వింటాడు.
బానెట్ మీద చెయ్యేసి "తొక్కండి" అన్నాడు.
ఇంకోసారి, అన్నాడు.
చెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని
నా వైపు తిరిగి,
"ఇది కంపెనీ గొంతు కాదే."

కేబుల్ పెట్టాను.
ఎంత గాలి, ఎంత పెట్రోలు, ఏ క్షణాన నిప్పు,
అన్ని గడుల్లోనూ ఎవరో దిద్దిన అంకెలు.
పేరు లేదు, తేదీ లేదు.
"మీరడిగిన గుర్రాలు
ఎప్పట్నించో లోపలే ఉన్నాయండీ."

పక్క షెడ్డులో వెల్డింగ్ ఆగి మళ్లీ మొదలైంది.
"చాలట్లేదనుకున్నాను,"
నెమ్మదిగా అన్నారు, స్టీరింగుతో అన్నట్టు.
మొదటి ఓనరుది తెనాలి అట.
పాప పుట్టిందని అమ్మేశాడట.
రెండేళ్లుగా ఈయన తొక్కుతున్నది
ఆ కుర్రాడి తొందర.

"అసలుది ఎలా ఉంటుందో చూడొచ్చా?"

ఇరవై నిమిషాలు పట్టింది కంపెనీ ఫైలు ఎక్కడానికి.
రామవరప్పాడు రింగు దాకా వెళ్లొచ్చారు,
ఏసీ ఆపి, అద్దాలు దించుకుని.
ఎలా ఉందంటే వెంటనే చెప్పలేదు.
"మా నాన్న నడిపినట్టుంది," అన్నారు చివరికి.
అది పొగడ్తో కాదో నాకు తెలీలేదు.
"ఇదే ఉండనివ్వండి.
ఆ పాతది మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి."

రెండున్నర వేలు. అద్దె అద్దెలాగే ఉంది.
మలుపు దాకా కారు మెల్లగానే వెళ్లింది.
"మంచి పని చేశావే" అన్నాడు నాన్న,
ఖాళీ గ్లాసు షట్టరు పక్కన పెడుతూ.

మలుపు తిరిగాక జరిగేది
నాన్నకి వినబడదు.
నాకు వినబడింది.