బాకీ

తార్నాకల పాత కాగితాల గదిలో
ఫ్యాను వెయ్యం. దస్తావేజు పొడి లేస్తది.
బల్ల మీద దివ్వెల తాత బతుకంతా
నాలుగు మూటలు.

మొదటిది తాత చరిత్ర, ద్విపదలో.
మూసీ నీళ్లు పోసి దీపాలు వెలిగిచ్చిండట.
రాసినాయన పుట్టేటాళ్లకే
తాత పోయి తొంభై ఏండ్లు.
పక్కకు పెట్టిన,
అమ్మ పొద్దుగాల చదివేది అదే అయినా.

రెండోది సనదు. మఠానికి ఆరు బీఘాల ఇనాం.
ముంతజిబ్ సాబు భూతద్దం దించి
"మొహరు అసలుదే బేటా,
కాగితమే మనుమని కాలంది" అన్నడు.
భూమి తగాదా నడిచిన ఏడు పుట్టిన సాక్ష్యం.

మూడో మూటల పావుకోళ్లు.
రెండూ ఎడమ కాలివే.

ఆఖరుది బేగంబజార్ గానుగాయన ఖాతా.
వరదకు నాని, అంచులు చెదలు తిని,
నడుమ ఒక్క వరుస మిగిలింది:
"దివ్వెలాయనకు రెండు శేర్ల నూనె, ఉద్దెర.
మూడుసార్లు అడిగినం. నవ్విండు. ఇయ్యలే."

మొక్కెటోడు ఎంతైనా అల్లుతడు.
పైసలు మునిగినోనికి
కథలల్లే తీరిక ఏడిది?
సాబు రెండోసారి చదివిండు, గొంతు తగ్గించి.
చాయ్ మీద మీగడ కట్టింది.

రాత్రి అమ్మ అడిగింది:
"ఉన్నడా మరి? తేలిందా?"
ఉన్నడమ్మా.
నూనె ముచ్చట చెప్పాల్నా వద్దా అని
చెప్పులు విడుస్తూ ఆగిన.

గూట్లె ఒత్తి ఎగదోస్తూ,
నా దిక్కు చూడకుండనే అన్నది:
"నీళ్లు పోసి నేను గూడ చూసిన ఒకసారి,
పెండ్లైన కొత్తల."