పెద్ద పిక్కకి చిన్న నంబరు

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చింది.
చీటీ మీద డాక్టరమ్మ రాత:
బీటా హెచ్‌సీజీ, ప్రొజెస్టిరాన్.
కింద ఎర్ర సిరాతో, ఆరో వారం, రక్తం కనబడుతోంది.

పేరు దమయంతి. వయసు ఇరవై ఆరు.
చివరి నెలసరి ఎప్పుడమ్మా అంటే
తేదీ చెప్పలేదు.
"జీడిపిక్కల బస్తా రేటు పెరిగినాది సూడండి, ఆ సోమవారం" అంది.
కాశీబుగ్గలో ఇరవయ్యేళ్లుగా నరాలు వెతుకుతున్నదాన్ని,
ఆ సోమవారం నాకూ తెలుసు.
వెనక్కి లెక్కపెట్టి కాగితం మీద వేశాను.

వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి.
పిక్కలు కొట్టిన రోజుల్లో జీడి కాల్చిన నలుపు,
గ్రేడింగు బల్లకి మారి మూడేళ్లయినా వదల్లేదు.
మోచేతి మడతలో మాత్రం ఎవరూ ముట్టని చర్మం.
సూది దిగుతుంటే మొహం తిప్పుకోలేదు,
గొట్టం నిండడం చూస్తూ అడిగింది:
"పోతన్నది సాలదా అమ్మా, మీరూ తీస్తన్నారు?"

నవ్వాలో మానాలో తెలియక
దూది నొక్కిపట్టమన్నాను.

సాయంత్రానికి అంకె వచ్చింది.
ఎనిమిది వందల పన్నెండు.
"మా కాడ రెండొందల పది అంటే పెద్ద పిక్క,
నాలుగొందల యాభై అంటే సిన్నది.
నంబరెంత సిన్నదైతే రేటంత ఎక్కువ.
మీ కాడెలగ?"

ఇక్కడ తిరగబడి ఉంటుంది దమయంతీ,
ఇక్కడ పెరగాలి.
ఎంత అన్నది ఒక్క అంకె చెప్పదు,
ఎల్లుండి ఇదే వేళకి మళ్లీ రా.
అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు.
నాది గొట్టం, గడియారం, సంతకం.
నా రోజుల్లో ఈ అంకెలూ లేవు.
తెల్లారేసరికి దుప్పటి చెప్పేది.

పడుకుంటే నిలుస్తాదా అని అడిగిందట,
పడుకున్నా లేచినా ఒకటేనన్నారట డాక్టరమ్మ.
పనికెళ్లింది.
బొప్పాయేటైనా తిన్నావేటే అంది అత్త గవరమ్మ, రెండు పూటలా.
మొగుడు మాత్రం
గోతులు లేని దారి వెతుక్కుంటూ బండి నడిపాడు,
ఎవరూ చెప్పకుండా.

గురువారం.
పదకొండు వందల తొంభై.
పెరిగింది, పెరగాల్సినంత కాదు.
ప్రొజెస్టిరాన్ పదకొండు,
అటు ఐదు కాదు, ఇటు పాతికా కాదు.
మిషను తప్పేమోనని కంట్రోలు మళ్లీ పెట్టి చూశాను.
మిషను సరిగ్గానే ఉంది.

"ఏటన్నట్టమ్మా?"
ఏమీ అనలేదు, అదే దాని జవాబు.
శనివారం ఇంకోసారి, వారం ఆగి స్కానింగు.

కాసేపు నేల చూసి, అదేదో నన్నే ఓదార్చాలన్నట్టు చెప్పింది:
"బల్ల మీద అలాటి పిక్క రోజుకొకటి వస్తాదండి.
రెండొందల నలభయ్యో మూడొందల ఇరవయ్యో
కంటికి తెలీదు.
పక్కనెట్టీసి, ఎలుగు బాగున్నప్పుడు మళ్లీ సూస్తాం.
పారీము."

శనివారం ఎడం చెయ్యి చాపింది.
కుడి మోచేతి మడతలో రెండు మచ్చలు,
మంగళవారానిది పసుపు, గురువారానిది నీలం.
గొట్టం మీద పేరు రాశాను,
అక్షరాలు మామూలు కన్నా కొంచెం గుండ్రంగా వచ్చాయి.

కరెంటు పోయింది.
బ్యాటరీ మీద మిషను గుర్రుమంటోంది.
ఆమె లేచి, నన్నడక్కుండానే,
కిటికీ తలుపు బార్లా తీసింది.