అరచేతులు చూపించి లేవాలి

కమ్మనహళ్ళిలో టైర్ల షాపు మీద మూడో అంతస్తు.
రబ్బరు వాసన మాతోపాటే మెట్లెక్కి వస్తుంది.
ఎవరో ఖాళీ చేసి పోయిన డైనింగ్ బల్ల,
దాని మీద ఆకుపచ్చ గుడ్డ,
ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.
"అక్కడ చిప్స్ పెట్టండి, కనపడదు" అన్నారు సాల్మన్ గారు.

కావలి మనిషి. పదకొండేళ్ళు ఓడల మీద పేక పంచారు.
సముద్రం ఎలా ఉంటుందండీ అంటే
"కిటికీల్లేని గదమ్మా, నేనేం చూశాను" అంటారు.

చిట్‌ఫండ్ ఆఫీసు మూతపడ్డాక
నాకు మిగిలిన విద్య
నోట్లు తడి లేకుండా లెక్కపెట్టడం ఒక్కటే.
ఆ వేళ్ళు చూసే ఫీజులో రెండు వేలు తగ్గించారు.

మొదటి రోజు:
రాజూ, రాణీ, జాకీ, ముగ్గురూ పదే.
కిరీటానికి అదనం లేదు, మీసానికీ లేదు.
ఆసు మాత్రం గోడ మీద పిల్లి,
ఒకటంటే ఒకటి, పదకొండంటే పదకొండు,
పక్క ముక్క ఎటు ఒరిగితే అటు.
పదితో కలిసి మొదటే దిగిందా, బ్లాక్‌జాక్,
వంద కాస్తే నూటయాభై.
ఇరవై ఒకటి దాటితే పోయినట్టు.
దాటకుండా, పంచేవాళ్ళకంటే దగ్గరికొస్తే గెలిచినట్టు.

ఇంతేనా, అని నవ్వాడు బిష్ణు, నేపాల్ కుర్రాడు.
"ఇంతేనా అన్నవాళ్ళ డబ్బుతోనే నాయనా
ఓడకి డీజిల్ కొట్టించేది."

నోరు వాడకూడదు. కెమెరాకి చెవులుండవు.
ముక్క కావాలంటే వేలితో బల్ల తట్టాలి.
చాలంటే చెయ్యి అడ్డంగా ఊపాలి,
విస్తరి మీద, ఇక నెయ్యి వద్దన్నట్టు.

రెండో వారం పదహారు దగ్గర ఇరుక్కున్నాం.
పదహారంత పాడు చెయ్యి లేదు.
తీస్తే పగులుతుంది, తియ్యకపోతే మగ్గుతుంది,
ముందు నుయ్యీ వెనక గొయ్యీ, మధ్యలో కుర్చీ.
"నా ముందు ఆరో, అంతకంటే చిన్నదో తెరిచి ఉంటే
కదలకండి, పగిలేది నేనే కావచ్చు.
ఏడూ ఆపైన అయితే తియ్యండి.
ఏడుస్తూ అయినా తియ్యండి.
ఎనిమిదులు జంటగా వస్తే జాలిపడకుండా విడదీయండి.
నాకు ఆసు పడ్డప్పుడు
ఇన్సూరెన్స్ కావాలా అని ఎంతో ప్రేమగా అడుగుతాను.
వద్దనండి."

ఇదంతా ఆడేవాళ్ళకి.
నేను నిలబడేది బల్లకి అవతల.
పంచేదానికి ఇష్టాలుండవు:
పదహారుకి తియ్యాలి, పదిహేడుకి ఆగాలి.
ఎదుటివాడు పెళ్ళి ఉంగరం తిప్పుకుంటూ ఉన్నా,
పెదాల మీద దేవుడి పేరు నలుగుతూ ఉన్నా,
పదిహేడుకి ఆగాలి.

మా నాన్నకి ఈ సుఖం తెలియదు.
గుడివాడ క్లబ్బులో ఫుల్ కౌంటు ఇచ్చొచ్చి
తెల్లారుజామున నన్ను లేపి చెప్పేవాడు:
"ఒక్క ముక్క హైమా, ఇస్పేటు తొమ్మిది,
అది పడుంటేనా..."
చేతిలో నా స్కూలు ఫీజు కవరు,
నాలుగు మడతలు పడి, ఇంకా మడుస్తూ.
ఎక్కడ ఆగాలో ఆయనకెవరూ రాసివ్వలేదు.
రాసిచ్చి ఉంటే
సరే, పోనీ.

ఆఖరి పాఠం, బల్ల వదిలి వెళ్ళడం.
చేతులు రెండూ ఒకసారి తట్టి
అరచేతులు పైకి, తర్వాత వెనక్కి,
నెత్తి మీది కెమెరాకి చూపించాలి,
వేళ్ళ సందుల్లో ఏమీ పోవట్లేదని.
"ఓడలో మర్చిపోతే ఉద్యోగం పోతుంది.
ఒడ్డుకొచ్చాక మర్చిపోలేకపోతే
మా ఆవిడ నవ్వుతుంది."

నిన్న సాయంత్రం లింగరాజపురం వంతెన కింద
పావుకిలో బీన్స్ తూయించుకుని
చిల్లర పర్సులో వేసుకున్నాక
నా చేతులు వాటంతటవే చప్పుడు చేశాయి.
వెల్లకిలా తెరుచుకున్నాయి.

బండి దగ్గరామె ఒక క్షణం చూసి
కొసరు అడుగుతున్నాననుకుని
గుప్పెడు కరివేపాకు పెట్టింది.