జేగురు దారం

ఆపరేషన్ తర్వాత ఫానూరిస్ తాతకు
గొంతు కింద ఒక బెజ్జం, దాని మీద నూలుగుడ్డ మిగిలాయి.
నలభై ఏళ్లు చర్చిలో కుడివైపు నిలబడి స్తోత్రాలు పాడినవాడు
ఇప్పుడు చెప్పాల్సింది చెక్కముక్క మీద రాస్తాడు,
నచ్చకపోతే చిత్రిక పట్టేస్తాడు.

సామోస్ దీవి. పడవల కొట్టం.
పైన్ రజను, ఉప్పుగాలి, మాడిన కాఫీ.
దారాన్ని జేగురు నీళ్లలో ముంచి
ఒక కొస బొటనవేలి కింద నొక్కిపెట్టి
రెండో కొస మనవరాలు అసిమీనా చేతికిస్తాడు.
లాగమని కళ్లతోనే. ఇంకా. గోరు తెల్లబడేదాకా.
అప్పుడు నడుమ రెండు వేళ్లతో ఎత్తి
వదుల్తాడు.

టప్పున పలక మీద ఎర్రగీత.
పిల్ల ముక్కు మీద ఎర్రచుక్క.

"దీన్నేమంటారు తాతా?"
చేపల్ని పొడిచే మూడు మొనల ఈటెలాంటి అక్షరంతో
మొదలయ్యే మాట రాశాడు: ప్సాల్లో.
"అది చర్చిలో నువ్వు చేసే పని కదా!"
చేసిన పని, అని దిద్దలేదు.
చెక్క తిప్పి, మొద్దుబారిన పెన్సిలుతో:
ముందు ఇదే. స్తోత్రం తర్వాత.

నిద్రపట్టని రాత్రుళ్ల కోసం
బడిపంతులు దగ్గర ఎరువు తెచ్చుకున్న
లావుపాటి నిఘంటువులో దొరికిందట.
పూర్వం వింటినారి లాగి వదిలినా అదే మాట,
వెంట్రుక పీకినా అదే,
వడ్రంగి దారం మీటినా అదే.
తర్వాతెప్పుడో ఎవరో తీగల వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుంటే
మాట తీగ మీదికి పాకింది,
పక్కనే పాడుతున్న నోట్లోకి దూకింది,
ఆ నోటి వెంట దేవుడిదాకా వెళ్లింది.
వాళ్ల చర్చిలో మాత్రం వాద్యం మోగకూడదు.
తీగను చెప్పుల్లా గడప బయట విడిచి
పేరొక్కటే లోపలికెళ్లింది.

ఆదివారం కొత్త గాయకుడు నెక్తారియోస్
మూడో చరణంలో శ్రుతి జారాడు.
తాత బొటనవేలూ చూపుడువేలూ
గాలిలో దేన్నో ఎత్తిపట్టాయి.
వదల్లేదు.

సోమవారం మళ్లీ దారం.
"ఆ మాట ఒక్కసారి పలకవా?"
ఆ దీవివాళ్ల అలవాటుగా
తల పైకెత్తి కాదనబోయి, ఆగాడు.
పెదాలు బిగించాడు.

ప్స్.

దానికి గొంతు అక్కర్లేదు,
బిగబట్టింది వదిలితే చాలు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.
మిగతా సగం పిల్ల అందుకుంది,
చూరు మీది పావురాలు లేచేంత గట్టిగా.
తాత అప్పటికే రంపం తీశాడు.
గీతకు ఇవతలే కోయాలి,
గీత మిగలాలి.