ఆరియా

ఇరవై ఎనిమిదేళ్ళు నీ నెత్తినే చూశాను దానయ్యా,
ముఖం కాదు.
నూటముప్పై అడుగుల పైన నా గాజుగది.
అడుగున నువ్వు, ఒక పసుపు టోపీ, రెండు చేతులు.
చూపుడువేలు ఆకాశానికి తిప్పితే హబేస్,
ఎత్తమని.
నేలకు తిప్పితే ఆరియా.
బోర్లించిన అరచేతి కింద వేలు ఆడిస్తే
"నెమ్మది బావూ, పోగంత."
ఆ పోగు నాకు తెలుసు.
నెల్లిమర్ల జూటుమిల్లులో మా అయ్య
గోగునార పోగులు అతికే నన్ను పెంచాడు.

యుద్ధనౌక వచ్చిందంటే పేపర్లకు పండగ.
మనకది
దుంగల మీద భద్రంగా కూచోబెట్టాల్సిన చూలాలు.
డాకులో నీళ్ళు తోడేశాక
మొదటిసారి దాని కడుపు చూసి నువ్వు కేకేశావట:
"ఓలమ్మ, మా అయ్య పడవకీ ఇయ్యే గుల్లలు!"
పైన గాలి. నాకు వినపడలేదు.
బురదలో ఎగిరే బొంతల్ని, గొరకల్ని
టోపీ నిండా ఏరి
సగం సముద్రంలో పోశావు,
సగం ఫిరంగి నీడలో పులుసు కాచావు.
వాసన ఒక్కటే నిచ్చెనెక్కి నా దాకా వచ్చింది.
నేను మెట్లు దిగేలోపు
నువ్వు గేటు దాటి పాసింజరు బండి ఎక్కేసేవాడివి.

ఒక మాఘమాసం పొద్దు
మంచు నీ చేతుల్ని మింగేసింది.
కొక్కేనికి నలభై టన్నుల ఫిరంగి గోపురం,
కింద ఎవరెవరున్నారో తెలీదు.
నేను కదల్లేదు.
నువ్వూ కదిలి ఉండవు.
ఆ పదకొండు నిమిషాలు
మనం మాట్లాడుకున్నంత
నేను ఇంట్లో కూడా ఎవరితో మాట్లాడలేదు.

ఇవాళ శ్రీకాకుళంలో బస్సు మారి
గార మీదుగా కళింగపట్నం వచ్చాను.
లైట్‌హౌస్ దగ్గర నీ ఇల్లడిగితే
"సెవిటి దానయ్యేటి?" అన్నాడొక కుర్రాడు, వల దులుపుతూ.
నీ చెవుల్ని రివెట్ల సుత్తులు తిన్నాయి,
నా మోకాళ్ళని నిచ్చెన.

ఇదా నీ ముఖం!
గడ్డం మీద గాటు, తెల్లటి కనురెప్పలు.
ఇన్నేళ్ళూ నీకని నేను అనుకున్న ముఖం వేరే.
దాన్నెక్కడ పారెయ్యాలో తెలీక
గుమ్మంలో కాసేపు నిలబడ్డాను.
నువ్వు మాత్రం నా చేతులు చూసి
"పైన బాబువి" అన్నావు.

చెప్పాల్సింది ఒకటే మాట, అరిచినా నీకు వినపడదు.
చెయ్యెత్తాను.
చూపుడువేలు నేలకు వంచి తిప్పాను.
రెండో చేత్తో మన క్రేను మెడ గీశాను గాల్లో,
మెడ మీద గ్యాసు కట్టరు మంట గీశాను.
ఏడు పూతల రంగు కింద
ఏ పరాయి ఊరి పేరో దాచుకున్న ఇత్తడి పలక
తూకానికి పోయిందని
బొటనవేలు, చూపుడువేలు రాసి చూపించాను.

నీకు అర్థమైంది.
వంశధార మొగ వైపు చాలాసేపు చూశావు.
తర్వాత, వినపడని వాళ్ళు అరిచినట్టు అరిచి అడిగావు:
"దించినపుడు సెయ్యెవుడు సూపించాడు?"

ఎవడో వాకీటాకీ కుర్రాడు.
తలకూడా ఎత్తలేదు.
కానీ దానయ్యా,
పాసు లేదని నన్ను గేటు దగ్గరే ఆపేశారు కదా,
గోడ బయట, లారీల దుమ్ములో నిలబడి
నేను తిప్పాను వేలు.
అది నన్ను చూడలేదు. తెలుసు.
అయినా తిప్పాను, మెడ ఒరిగి
దుమ్ము లేచేదాకా.

ఇదంతా ఏ సైగలో చెప్పను?
నా గుండె మీద చెయ్యి పెట్టుకుని
మళ్ళీ వేలు వంచి చూపించాను, ఇలా అని.

దగ్గరికొచ్చావు.
నా మణికట్టు పట్టుకున్నావు.
ఉప్పుకు పగిలిన నీ చెయ్యి గరుగ్గా ఉంది.
"అలా కాదు బావూ,
మోచెయ్యి కదలకూడదు.
వేలొకటే" అని
సరిచేశావు.