పదిహేడో చదరం

సిద్దవటం దాటి బస్సు దిగేసరికి
ఇంకా చుక్కలున్నాయి.
డబ్బాలో సంగటి ముద్ద, ఊరిబిండి.
రెండు లీటర్ల నీళ్లు, పదకొండుకే అయిపోతాయి.
బాలగురవయ్య బీడీ ఆర్పి, చెప్పుతో నలిపి,
మళ్లీ వంగి ఆ ముక్కను ఏరి
జేబులో వేసుకుంటాడు.
నిప్పు గురించి ఆయనకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

నా పనేందో చెబితే మా పెద్దమ్మ నవ్వింది:
"కంపచెట్లు లెక్కబెట్టేదానికి జీతమిస్తారా?"
ఇస్తారు పెద్దమ్మా.
ఆషాఢం నుంచి కార్తీకం దాకా.
ఆ తర్వాత నేనెవరో ఆఫీసుకు తెలీదు.

నాలుగు మేకులు, పసుప్పచ్చ నైలాను తాడు,
ఒక్కో వైపు పది మీటర్లు.
తాడు బిగిసినాక లోపలున్నదంతా నాది,
రాసుకునే మేరకు.
కలివి పొదలు ఇరవైమూడు.
బలుసు ఏడు, బందారు లెక్కకు మించి.
ఒక పరికి కంప, నా చున్నీని వదలనిది.
గడ్డి ఎత్తు చీలమండ దాకా, గుల్లరాయి దగ్గర అదీ లేదు.
పోయిన ఏడాది ఇదే చదరంలో
ఎవరో వంకర అక్షరాలతో రాసిపెట్టారు:
"ఇక్కడ గాలి బాగుంది."
ఆ మాట ఏ గడిలోనూ పట్టక
అంచు మీదికి పాకింది.
ఆ మనిషి ఈసారి రాలేదు. ఎందుకో నేను అడగలేదు.

బద్వేలు బస్సులో, టీకొట్టులో, ఇంట్లో
అందరిదీ ఒకటే ప్రశ్న:
"కలివికోడిని చూసినావా?"
లేదు.
రాత్రిపూట తిరిగే పిట్ట, పగటిపూట పనిచేసే నేను.
అది వస్తే ఎక్కడ నిలబడుతుందో
ఆ నీడ వెడల్పు మాత్రం తెలుసు:
మధ్యాహ్నం పన్నెండున్నరకు
అరవై ఒక్క సెంటీమీటర్లు.

ఆ రోజు నాలుగు వందల పన్నెండో పొద దగ్గర
పైకి అరిచి చెప్పుకుంటూ రాశాను:
"ఆకుల్లేవు. కొమ్మలు పెళుసు. చచ్చింది."
హద్దురాయి అవతల మేకల్ని అదిలిస్తున్న నాగమునెమ్మ
కర్ర మీద గడ్డం ఆనించి
"బతికుండేదాన్ని సచ్చిందని రాస్తివేందమ్మీ?" అంది.
బాలగురవయ్య అడవి వైపు తిరిగి
ఏదో పిట్టను వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.
ఆయమ్మ రాయి దాటింది, నాలుగే అడుగులు.
మేకలు దాటలేదు.
బొటనవేలి గోటితో కాండం మొదట్లో
చిన్న గీత గీసింది.
బూడిదరంగు బెరడు కింద
సన్నగా, తడిగా, పచ్చన.

"వాన పడేంతవరకు ఇది ఎవురితోనూ మాట్లాడదు,"
అని చెప్పి వెళ్లిపోయింది,
ఒక మేకపిల్లను పేరు పెట్టి తిడుతూ.

ఫారంలో కొట్టివేతలు ఉండకూడదు.
ఉంటే పక్కన సంతకం, తేదీ, కారణం.
సంతకం పెట్టాను. తేదీ వేశాను.
కారణం దగ్గర పెన్సిల్ ఆగింది.
"నాగమునెమ్మ" అని రాస్తే
అభయారణ్యంలో ఆమెకేం పని అంటారు.
"గోరు" అని రాశాను.

తర్వాత వెనక్కి నడిచాను,
మూడో చదరం, తొమ్మిది, పద్నాలుగు.
పోయిన వారమంతా చచ్చాయని రాసిన వాటి దగ్గర
మోకాళ్ల మీద కూర్చుని గీసి చూశాను.
పదకొండింటిలో నాలుగు పచ్చన.
మిగతావి నిజంగానే పోయాయి,
పుల్ల విరిస్తే పొడి రాలింది.
నా గోరు కింద నల్లగా చేరిన జిగురు
రెండు రోజులు అన్నంలో చేదుగా తగిలింది.

కార్తీకం వచ్చింది.
తాడు చుట్టి, మేకులు లెక్కపెట్టి అప్పజెప్పాను.
ఒక మేకు తక్కువొచ్చింది, జీతంలో పట్టుకున్నారు.
పై ఏడాది సంగతి అడిగితే
"చూద్దాం" అన్నారు,
సీలింగు ఫ్యాను వైపు చూస్తూ.

పదిహేడో చదరం కాగితం వెనక,
తడిసినా చెరగకుండా పెన్సిల్‌తోనే,
వచ్చేవాళ్లెవరో వాళ్ల కోసం రాసిపెట్టాను:
చచ్చిందని రాసే ముందు
మొదట్లో గోటితో గీసి చూడండి.
దాని కిందే, కొంచెం చోటు మిగిలితే:
గాలి ఇంకా బాగానే ఉంది.